పానగల్లు నీడ, వాడపల్లి దీపం: మూడు రోజుల యాత్ర

బయలుదేరే ముందు ఫోన్‌లో మ్యాప్ పెట్టుకునేవాళ్లకు ఒక మాట. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల పాత గుళ్లు చూసే ఈ దారిలో రెండు పేర్లు తికమక పెడతాయి. పానగల్లు అని కొడితే వనపర్తి జిల్లా పానగల్ కోట వస్తుంది. మనం వెళ్లాల్సింది నల్లగొండ పక్కనున్న పానగల్లు. పిల్లలమర్రి అని కొడితే మహబూబ్‌నగర్ మర్రిచెట్టు దగ్గరికి తీసుకెళ్తుంది. మనకు కావాల్సింది సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గుళ్లు. ఒకే పేరున్న ఈ చోట్ల నడుమ దూరం నూరు కిలోమీటర్లకు పైమాటే. అందుకే ఊరిపేరు కాకుండా గుడిపేరు కొట్టాలి: ఛాయా సోమేశ్వరాలయం, ఎరకేశ్వరాలయం.

మొదటి రోజు: నల్లగొండ, పానగల్లు

హైదరాబాద్ నుంచి నల్లగొండ దాదాపు 100 కిలోమీటర్లు. బస్సయితే చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా వస్తుంది. రైలయితే గుంటూరు లైన్. పొద్దున్నే బయలుదేరి పదకొండు లోపు నల్లగొండ చేరితే ఆ రోజు పని సులువవుతుంది. బస్టాండ్ నుంచి పానగల్లు నాలుగు కిలోమీటర్లే, ఆటోలు దొరుకుతాయి. ఆటోవాళ్లకు "సోమేశ్వర గుడి" అంటే చాలదు, ఊళ్లో సోమేశ్వరులు ఇద్దరున్నారు. "ఛాయా సోమేశ్వరం, పొలాల్లోది" అని చెప్పాలి.

ఈ గుడిని ఒక్కసారి చూసి వెళ్తే సగమే చూసినట్టు. దీని వింత అంతా "రోజంతా" అన్న మాటలో ఉంది కాబట్టి కనీసం మూడు వేళల్లో చూడాలి: మొదటి రోజు మధ్యాహ్నం, అదే సాయంత్రం, మర్నాడు పొద్దున.

గుడి త్రికూటం. నడుమ ఒక రంగమంటపం, దానికి మూడు వైపులా మూడు గర్భగుళ్లు. మెట్లు మెట్లుగా పైకి సన్నబడే శిఖరాలు, వరిమళ్ల నడుమ దూరం నుంచే కనిపిస్తాయి. కట్టించింది కందూరు చోడులు. కొన్ని పుస్తకాల్లో కుందూరు అని కూడా రాస్తారు, వంశం ఒకటే. కాలం 11, 12 శతాబ్దాలు. కళ్యాణి చాళుక్యుల సామంతులుగా పానగల్లును రాజధాని చేసుకుని వీళ్లు ఈ ప్రాంతాన్ని ఏలారు. మూడు గుళ్లలో ఒకటి శివుడిది, ఒకటి సూర్యుడిది, ఒకటి విష్ణువుది. విష్ణువు గుడిని దత్తాత్రేయుడిదని కూడా అంటారు.

శివుడి గర్భగుడిలోకి చూస్తే లింగం వెనక గోడ మీద నిలువుగా ఒక నీడ, స్తంభం నీడలా నిటారుగా కనిపిస్తుంది. ఎక్కడి స్తంభమని వెనక్కి తిరిగితే లింగానికి సూటిగా ఎదురుగా స్తంభమే లేదు. పైగా పొద్దు ఎక్కినా వాలినా ఆ నీడ కదలదు. అందుకే ఈ శివుడు ఛాయా సోమేశ్వరుడు అయ్యాడు.

వచ్చినవాళ్లలో చాలామంది నీడ కనిపించలేదని అంటుంటారు. అందుకు కారణాలున్నాయి. ఎండలోంచి నేరుగా లోపలికి వచ్చిన కళ్లకు చీకటి అలవాటు కావాలి. రెండు మూడు నిమిషాలు మంటపంలో ఊరికే కూర్చోవాలి. గర్భగుడిలో కరెంటు బల్బు వెలుగుతుంటే నీడ చెరిగిపోతుంది. "అయ్యగారూ, ఒక్క నిమిషం లైటు బంద్ చేస్తరా" అని మర్యాదగా అడగాలి. ఫోన్ టార్చి, ఫ్లాష్ వేస్తే నీడను మన చేతుల్తో మనమే తుడిచేసినట్టు. గడప దగ్గర నలుగురు గుమికూడినా అంతే. శివరాత్రి రద్దీలో దర్శనం దొరుకుతుంది గానీ నీడ దొరకదు. మధ్యాహ్నం పూజారి లేని వేళ కటకటాలు వేసి ఉండొచ్చు, సందుల్లోంచి చూసినా చాలు.

ఫోటో తీయాలంటే ముందు అనుమతి అడగండి. ఆ తర్వాత ఫ్లాష్ ఆపి, తెరమీద గోడ వెలుతురుగా ఉన్న భాగాన్ని వేలితో తాకి, వెలుగు కాస్త తగ్గించండి. ఫోన్ తనంతట తాను చీకటిని వెలిగించే రాత్రి మోడ్ పెడితే నీడ పలచబడి బొమ్మలో ఏమీ మిగలదు.

ఇక ఈ నీడ ఎలా పడుతుందన్నది. చాలాచోట్ల "కాంతి వివర్తనం" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. అది అతకదు. కాంతి తరంగం పొడవు మిల్లీమీటరులో వెయ్యోవంతు కన్నా తక్కువ. అది అంచుల దగ్గర వంగడం వల్ల వెంట్రుకంత సన్నని చారలు వస్తాయేమో గానీ, స్తంభమంత నీడ రాదు. అసలు ఆధారం నీడ కదలకపోవడంలోనే ఉంది. ఆకాశంలో సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతాడు కాబట్టి, ఎండ నేరుగా పడి ఏర్పడే నీడ కూడా తిరగాల్సిందే. తిరగడం లేదంటే దీన్ని వేస్తున్నది ఎండ కాదు. బయటి ఆకాశం నుంచి, నేల నుంచి చెదిరి వచ్చే వెలుతురు మంటపం స్తంభాల సందుల్లోంచి రెండు పక్కల నుంచీ ఏటవాలుగా లోపలికి వస్తుంది. ఎడమ నుంచి వచ్చేది గోడకు కుడి సగాన్ని, కుడి నుంచి వచ్చేది ఎడమ సగాన్ని వెలిగిస్తాయి. నడుమ పట్టీకి రెండూ సరిగా అందవు. స్తంభాలు కదలవు, సందులు కదలవు, కాబట్టి ఆ చీకటి పట్టీ కూడా కదలదు. మబ్బుపట్టిన రోజు వెలుతురు తగ్గి నీడ మసకబారుతుందే తప్ప చోటు మారదు.

నమ్మకం కుదరకపోతే ఇంటికెళ్లి చేసి చూడొచ్చు. 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు ఉన్న అట్టపెట్టె తీసుకోండి. ఒక చివర లోపల తెల్లకాగితం అంటించండి, అది గర్భగుడి గోడ. సరిగ్గా నడిమిలో అడ్డంగా ఒక అట్ట నిలబెట్టి దాని మధ్యలో 4 సెంటీమీటర్ల వెడల్పున నిలువు సందు కోయండి, అది గుమ్మం. రెండో చివర నడుమ 10 సెంటీమీటర్లు మూసి ఉంచి, దానికి ఇటూ అటూ 4 సెంటీమీటర్ల వెడల్పున రెండు కిటికీలు కోయండి. పైన మూతపెట్టి, తెల్లకాగితం దగ్గర పక్కగోడకు చిన్న రంధ్రం చేసి, కిటికీలను ఆకాశం వైపు తిప్పి చూడండి. ఎండ నేరుగా పడకూడదు. కాగితం నడుమ రెండు సెంటీమీటర్ల నల్లపట్టీ, దానికి అటూ ఇటూ మెల్లగా కరిగే అంచులు కనిపిస్తాయి. ఒక కిటికీ మూయండి: పట్టీ పోయి ఒక పక్కంతా చీకటవుతుంది. గుమ్మం 6 సెంటీమీటర్లకు పెంచితే నీడ పలచబడి బూడిదరంగు మిగులుతుంది. మూతా మూలలూ బిగుతుగా లేకపోతే కూడా అదే జరుగుతుంది, టేపుతో అతికించాలి. అట్టపెట్టెలో ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాకే నీడ మాయమవుతోందంటే, రాతిలో స్తంభాలకు చోటు కొలిచిన స్థపతి చేతిలో ఎంత లెక్క ఉందో ఊహించుకోవచ్చు.

పురాణంలోనూ ఛాయకు ఒక కథ ఉంది. సూర్యుడి భార్య సంజ్ఞ ఆయన వేడి తట్టుకోలేక తన నీడకే ప్రాణం పోసి, ఛాయ అని పేరుపెట్టి, తన స్థానంలో నిలిపి వెళ్లిపోయింది. శనైశ్చరుడు ఆ ఛాయకు పుట్టినవాడే. సంగతి తెలిశాక సూర్యుడి తేజస్సును సానపట్టి తగ్గించింది సంజ్ఞ తండ్రి విశ్వకర్మ, అంటే శిల్పుల కులదైవం. సూర్యుడికీ ఒక గర్భగుడి ఉన్న ఈ త్రికూటంలో నిలబడి ఆ కథ తలుచుకుంటే, వెలుతురును అదుపు చేయడం శిల్పుల ఇంటి విద్యే కదా అనిపిస్తుంది. ఇది గుడి స్థలపురాణం కాదు, పేర్లు రెండూ ఒకచోట కలిశాయంతే.

సాయంత్రం వెలుతురు తగ్గేకొద్దీ నీడ అంచులు ముందు కరుగుతాయి, నడుమ భాగం చివరిదాకా నిలుస్తుంది. రాత్రి బస నల్లగొండలోనే. పానగల్లులో బస చూసుకోవద్దు.

రెండో రోజు: పచ్చల సోమేశ్వరం, చెరువు, చందుపట్ల, పిల్లలమర్రి

ఏడింటికల్లా మళ్లీ ఛాయా సోమేశ్వరం. నిన్న ఫోటో తీసిన చోటే నిలబడి ఇంకోటి తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. పది నిమిషాల పని.

అక్కణ్ణుంచి ఊళ్లోని పచ్చల సోమేశ్వరాలయం. ఇదీ కందూరు చోడుల కట్టడమే, కానీ పోలికే లేదు. అది చిన్నది, లెక్క పెట్టినట్టు కట్టింది. ఇది విశాలమైన మంటపం, 70 స్తంభాలు, నాలుగు గర్భగుళ్లు. మూడు ఒకవైపు వరసగా ఉంటాయి, నాలుగోది వాటికి ఎదురుగా. ఇక్కడ పచ్చరాయి లింగం ఉండేదని, అందుకే పచ్చల సోమేశ్వరుడయ్యాడని చెబుతారు. స్తంభాల మీద, గోడల మీద రామాయణ, భారత ఘట్టాలు, శివలీలలు బారులు బారులుగా చెక్కారు. చాలావరకు అరచేతిలో పట్టేంత బొమ్మలు, చెక్కడం లోతు తక్కువ. మిట్ట మధ్యాహ్నం వస్తే అన్నీ చదునుగా కనిపించి విసుగొస్తుంది. ఎనిమిది, తొమ్మిది గంటల ఏటవాలు ఎండలో ప్రతి గీతకూ నీడ పడి బొమ్మలు లేచి నిలబడతాయి. తూర్పు వైపు ముందు చూసి, పడమటి గోడ సాయంత్రానికి ఉంచుకోవడం మేలు.

ఆ పక్కనే పురావస్తు మ్యూజియం. రాష్ట్ర పురావస్తు శాఖ మ్యూజియాలకు శుక్రవారం సెలవు, కాబట్టి రెండో రోజు శుక్రవారం కాకుండా యాత్ర కుదుర్చుకోవాలి. జిల్లాలో దొరికిన శిల్పాలు, శాసనాలు ఇక్కడున్నాయి. శాసనం ముందు నిలబడితే మొదట పైభాగం చూడండి: సూర్యుడు, చంద్రుడు ఉంటే ఆ దానం "ఆచంద్రార్కం", సూర్యచంద్రులున్నంతకాలం చెల్లాలని. తర్వాత శకసంవత్సరం వెతకాలి. దానికి 78 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. పుష్యం నుంచి ఫాల్గుణం దాకా ఉన్న తిథులు చాలావరకు జనవరి దాటి పడతాయి, వాటికి 79 కలపాలి. ఒక్క ఏడాది తేడా రాసే పుస్తకాల్లో చాలాసార్లు జరిగే పొరపాటు ఇదే. కింది భాగంలో దానం కాజేసినవాడు అరవైవేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడన్న శాపశ్లోకం తరచూ ఉంటుంది. భూమి తగాదాలు ఎంత పాతవో ఆ శ్లోకాన్ని చూస్తే తెలుస్తుంది.

ఉదయసముద్రం కట్ట మీదికి తప్పకుండా ఎక్కాలి. సముద్రం అనే పేరు ఆనాటి పెద్ద చెరువులకు మామూలే, ఉదయం అనేది కందూరు చోడుల్లో ఉదయ చోడుడి పేరు. ఈ వంశం గుళ్లతో పాటు చెరువు గురించి కూడా ఆలోచించింది. గుడికి మాన్యం ఇవ్వాలంటే పారే మడి ఉండాలి, మడి పారాలంటే కట్ట ఉండాలి. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163 నాటి కాకతీయ రుద్రదేవుడి శాసనం, ఆయన భయానికి చోడోదయుడు ప్రాణం విడిచాడని గొప్పగా చెప్పుకుంటుంది. ఆ తర్వాత ఈ సీమ కాకతీయుల కిందికి వెళ్లింది. రాజు పోయినా చెరువు పేరు పోలేదు. ఇప్పుడిది ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టుకు బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, కృష్ణ నీళ్లు ఇక్కడికి చేరి ఫ్లోరైడు పీడించిన ఊళ్లకు తాగునీరుగా వెళ్తాయి.

పదకొండింటికి నకిరేకల్ వైపు. ఆ మండలంలోని చందుపట్ల చిన్న ఊరు. చూడాల్సింది ఒక్క రాయి, కానీ ఆ రాయి తెలంగాణ చరిత్రలో ఒక తారీఖును దిద్దింది. రుద్రమదేవి 1295 దాకా ఏలిందని చాలాకాలం అనుకున్నారు. ఇక్కడి శాసనం తారీఖు 1289 నవంబరు 27. పువ్వుల ముమ్మడి అనే బంటు, శివలోకం చేరిన రుద్రమదేవికీ సేనాపతి మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని సోమనాథదేవుడికి భూమి ఇచ్చాడని అందులో ఉంది. రాణీ సేనానీ ఒకేసారి శివలోకం చేరడం యుద్ధంలోనే జరిగి ఉంటుందని, ఎదుటివాడు తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడని చరిత్రకారులు భావిస్తారు. శాసనంలో మాత్రం శత్రువు పేరు లేదు. రాయి మీద పసుపు, సున్నం రాసి అక్షరాలు చదవాలని చూడొద్దు, రాయి పాడవుతుంది. పక్కనుంచి సెల్‌ఫోన్ టార్చి ఏటవాలుగా వేస్తే చాలు. ఛాయా సోమేశ్వరంలో వద్దన్న టార్చి ఇక్కడ పనికొస్తుంది.

జాతీయ రహదారి మీద సూర్యాపేట, భోజనం అక్కడే. తర్వాత పిల్లలమర్రి. రేచర్ల రెడ్లు కాకతీయుల సామంతులు, ఈ గుళ్లు వాళ్లవి. ఎరకేశ్వరాలయం 1208లో బేతిరెడ్డి భార్య ఎరకసాని కట్టించింది. గుడికి కట్టించిన స్త్రీ పేరే ఉండటం అరుదు, ఇక్కడ ఎనిమిది వందల ఏళ్లుగా ఉంది. నామేశ్వరం నామిరెడ్డిది. నల్లరాతి స్తంభాలు అద్దంలా నునుపు. వాటిని తడితే సరిగమలు పలుకుతాయని చెప్పి తాళంచెవులతో కొట్టేవాళ్లున్నారు, దెబ్బల గుర్తులు కనిపిస్తాయి. వేలి కణుపు కూడా అక్కర్లేదు, ఊరుకోవడమే ఉత్తమం. నామేశ్వరంలో పాతకాలపు రంగుల చిత్రం ఆనవాలు మిగిలింది, అమృతమథనం బొమ్మ. కాకతీయుల నాటి చిత్రాలు చాలా కొద్దిచోట్లే మిగిలాయి, అందుకే తల ఎత్తి ఓపిగ్గా వెతకాలి. కవి పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు ఈ ఊరిదే. "వాణి నా రాణి" అని సభలో అన్నాడని, సరస్వతే వచ్చి ఒక్క రాత్రిలో ఆయన కావ్యం పూర్తిచేసి వెళ్లిందని కథ.

మూడో రోజు: వాడపల్లి

నల్లగొండ నుంచి మిర్యాలగూడ, అక్కణ్ణుంచి దామరచర్ల మీదుగా వాడపల్లి. అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి ఇక్కడే కృష్ణను దాటుతుంది. రైల్లో వచ్చేవాళ్లకు విష్ణుపురం దగ్గరి స్టేషన్. మూసీ వచ్చి కృష్ణలో కలిసేది ఇక్కడే.

స్నానం సంగతి ముందు. మూసీ హైదరాబాద్ నడుమ నుంచి వస్తుంది, అందులో ఏముంటుందో చెప్పక్కర్లేదు. కృష్ణ వైపు ఘాట్‌లోనే మునగాలి. సంగమం దగ్గర అడుగు బురద, కాలు కూరుకుపోతుంది. ఎగువన నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన రోజుల్లో నీళ్లు ఉన్నట్టుండి పెరుగుతాయి, మెట్లమీదే చెంబుతో పోసుకోవాలి.

స్థలపురాణం అగస్త్యుడిది. శివుణ్ణి ఒకవైపు, నరసింహుణ్ణి ఒకవైపు కావడిలో పెట్టుకుని ఆయన కాశీకి వెళ్తుంటే, ఈ సంగమం దగ్గర ఆకాశవాణి పలికి ఇక్కడే నిలపమంది. అందుకే ఒకే ఊళ్లో మీనాక్షీ అగస్త్యేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు. శైవుల ఊరా వైష్ణవుల ఊరా అంటే జవాబు ఆ కావడిలోనే ఉంది.

అగస్త్యేశ్వరుడి లింగం పైన చిన్న బిలం, అందులో నీళ్లు. కథ ఇది: ఒక బోయ తరుముతుంటే పక్షి వచ్చి లింగం వెనక దాక్కుంది. శివుడు శరణిచ్చాడు. "మరి నా ఆకలి మాటేమిటి" అన్నాడు బోయ. నా తలలోంచి మాంసం తీసుకో అన్నాడు శివుడు. బోయ రెండు చేతుల వేళ్లూ గుచ్చి తీసుకున్నాడు, ఆ వేలిగుర్తులే లింగం మీద కనిపించేవని, గాయం కడగడానికి గంగ వచ్చి నిలిచిందని చెబుతారు. శిబి చక్రవర్తి కథను గుర్తు తెచ్చినా ఇక్కడ మాంసం ఇచ్చింది సాక్షాత్తు దేవుడు, అడిగింది బోయ. పక్షికి శరణూ బోయకు తిండీ రెండూ ఇవ్వడంలోనే ఈ కథకు బలమంతా ఉంది. శంకరాచార్యులు ఆ బిలం లోతు కొలవడానికి దారం వదిలితే రక్తమాంసాలు అంటుకుని పైకి వచ్చిందనీ, ఆయన క్షమించమని వేడుకున్నాడనీ ఇంకో కథ. ఆ నీటినే తీర్థంగా ఇస్తారు. లింగం మీద చేయి పెట్టాలని, బిలంలో ఏదైనా వేయాలని చూడొద్దు.

నరసింహస్వామి గుళ్లో చూడాల్సింది రెండు దీపాలు. ఒకటి స్వామి ముఖం ఎత్తున, ఒకటి కింద. పైది ఊపిరి తగిలినట్టు రెపరెపలాడుతుంది, కిందిది నిలకడగా వెలుగుతుంది. స్వామి శ్వాస అని భక్తులు చేతులు జోడిస్తారు. సరిగ్గా చూడాలంటే గడపకు ఎదురుగా నిలబడవద్దు. మన కదలికకే గాలి పుట్టి రెండు దీపాలూ ఊగుతాయి. ఒక పక్కకు ఒదిగి, మాట్లాడకుండా, హారతి అయ్యాక జనం పలచబడేదాకా ఆగాలి. పైదీపం జ్వాల కొనను, కిందిదాన్ని మార్చి మార్చి చూడకుండా, ఒక్కోదాన్ని రెండేసి నిమిషాలు చూస్తే తేడా తెలుస్తుంది. పానగల్లు చీకటికి అలవాటుపడ్డ కళ్లకు ఇది కష్టం కాదు.

మధ్యాహ్నం రెండింటికి వాడపల్లి వదిలితే, వాహనం మనదే అయితే, దీపాలు పెట్టే వేళకు ముందే పానగల్లు చేరొచ్చు. ఆవరణలో లైట్లు వెలిగాక మాత్రం వెళ్లి లాభం లేదు, అప్పటికి గోడ మీద నీడ ఉండదు.